ఊరికి పోయే బస్సులో మన ఆరోగ్యం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉగాది సభలో ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని సంఘం పెద్దలు మమ్మల్ని కోరారు. మేము వైద్యులము కాము. ముప్పది ఏండ్లుగా ముంబయికీ, కరీంనగరం వైపు ఉన్న మా ఊరికీ మధ్య బస్సులలో తిరిగినవారము. ఆ తిరుగుడు నేర్పిన పాఠమే నేడు మనవి చేస్తాము.

పిల్లల పరీక్షలు ముగియగానే మనలో ఇంటింటా మూటాముల్లె కడతాము. పెండ్లి అనో, పొలం పని అనో, ముసలివారిని చూడాలనో ఎండలు ముదిరే వేళకే బస్సెక్కుతాము. పూణె, షోలాపురం, జహీరాబాదు మీదుగా హైదరాబాదుకే సుమారు 700 కిలోమీటర్లు. ఆపైన మన మన ఊళ్లు. సాయంత్రం కూర్చున్నవారు మరునాడు పొద్దెక్కిన తరువాత గాని దిగరు.

కొన్నేండ్ల క్రిందట మా అమ్మను వెంటబెట్టుకొని ఇట్లే బయలుదేరాము. మరునాడు ఊరి అడ్డరోడ్డు మీద దిగగానే ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించి, మూత్రంలో చీము చేరిందని మందులిచ్చారు. విచారించగా, ముందురోజు మధ్యాహ్నం నుండి ఆమె గుక్కెడు నీరైనా ముట్టలేదని తేలింది. ఎందుకమ్మా అంటే, “బస్సు ఆపుమని పరాయి మొగోన్ని ఎట్ల అడుగుదు బిడ్డా?” అన్నది. పక్క సీటులోనే కూర్చున్న మేము రాత్రంతా ఆమెను ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

కాబట్టి మొదటి మాట నీళ్లు. దాహం వేసేదాకా ఆగక, కొద్దికొద్దిగా తాగుతూ ఉండవలెను. మూత్రం చిక్కని పసుపుగా వస్తే నీరు చాలలేదని గుర్తు. గుండె, మూత్రపిండాల జబ్బులు గలవారు మాత్రం తమ వైద్యుడు చెప్పిన కొలతనే పాటించాలి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన టీ చెంచాలతో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించండి. ఉప్పు ఎక్కువైతే కీడు.

రెండవది తిండి. దారిలో కోసి పెట్టిన పండ్లు, ఎప్పుడు రుబ్బారో తెలియని కొబ్బరి పచ్చడి వద్దు. ఇంటి పులిహోర, జొన్నరొట్టె, అరటిపండ్లు చాలును. చింతపండు పులుపు పులిహోరను త్వరగా పాడుకానీయదని మన తల్లులకు తెలియనిది కాదు.

మూడవది కాళ్లు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్న ప్రయాణంలో కాలి సిరలో రక్తం గడ్డకట్టే అపాయం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఇది కొద్దిమందికే వచ్చినా, వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. గంటకోసారి మడమలు ఎత్తి దించండి. బస్సు ఆగిన చోటల్లా దిగి నడవండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకున్నా నూనె పెట్టి మర్దన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మందులు చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులినును వేడెక్కే డిక్కీలో వేస్తే చెడిపోతుంది. కడుపులో తిప్పేవారు ముందు సీటులో కూర్చుండి, పుస్తకమూ ఫోనూ మూసి, దూరాన రోడ్డును చూస్తే ఉపశమనం కలుగుతుంది.

ఇవన్నీ చెప్పినా, మొగమాటం పోనిదే ప్రయోజనం లేదు. ఆడవారు, ముసలివారు నోరు తెరచి అడగరు. అడగవలసిన భారం వెంట ఉన్న మనది. బస్సెక్కేటప్పుడే డ్రైవరుతో, “అన్నా! మా వెంట పెద్దవాళ్లున్నారు, మూడు గంటలకోసారి పెట్రోలు బంకు దగ్గర ఆపాలె” అని చెప్పి ఉంచండి. నలుగురు కలిసి అడిగితే కాదనేవారు అరుదు.

ఆ ప్రయాణం తరువాత మా అమ్మ నాలుగు మార్లు మాతో ఊరికి వచ్చింది. ఒక్కసారీ పడిపోలేదు. మేము చేసినదల్లా మధ్యమధ్య, “అమ్మా, నీళ్లు తాగినవా? దిగుతవా?” అని అడగడమే. ఈ సంవత్సరం మీ పక్క సీటులోని పెద్దలను ఆ మాట అడగండి. వారు మీ ఇంటివారు కాకున్నా సరే.

అందరూ సుఖంగా పోయి, లాభంగా తిరిగి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.