తోపుడుబండికీ నగరంలో వాటా ఉంది



నగరంపై హక్కు ఎవరిదన్న విషయంపై ఫ్రెంచి తత్వవేత్త అన్రీ లెఫెవ్ర్ 1968లోనే ఒక గ్రంథం వెలువరించాడు. నగరం స్థలాల యజమానులది మాత్రమే కాదు, అందులో నివసిస్తూ దానిని నిత్యం నిలబెడుతున్న వారందరిదీ అన్నది ఆయన వాదన సారాంశం. మన పాతబస్తీకి ఇది కొత్త సంగతేమీ కాదు. 1591లో చార్మినార్ వెలసింది. దాని చుట్టూ ఉన్న బజారే ఆ ప్రాంతానికి ప్రాణం. లాడ్ బజారులో మెరిసే లక్క గాజుల వెనుక ఇరుకు గదుల్లో పొయ్యి వేడికి మాడిన స్త్రీల చేతులున్నాయి. అయినా 'సుందరీకరణ' అనే మాట వినబడగానే ముందుగా కదలవలసి వచ్చేది అత్తరు బండి, పండ్ల గంప. యాత్రికులు చూడవచ్చేది ఆ సందడినే కదా!

ఈ విషయంలో మనకు దయ అవసరం లేదు, చట్టం ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. తొలగించవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ప్రతిని వ్యాపారి చేతికివ్వాలి. పాడయ్యే సరుకును అడిగిన రోజే, తక్కినదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. 50 ఏళ్లకు పైబడి వ్యాపారం సాగుతున్న సహజ విపణిని వారసత్వ విపణిగా ప్రకటించాలని, అక్కడివారిని తరలించరాదని కూడా ఆ చట్టం అనుబంధంలో ఉంది. మన బజార్లలో ఎన్నింటికి ఆ అర్హత లేదు?

అన్నిటికన్నా విలువైనది పట్టణ వీధి వ్యాపారుల కమిటీ. అందులో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు కావాలి. వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. ఏ వీధిలో అమ్మవచ్చు, ఎక్కడ అమ్మరాదు అన్నది నిర్ణయించేటప్పుడు ఈ కమిటీని సంప్రదించాలి. బండి నిలుపుకోనివ్వడం ఒక ఎత్తు, బండి ఎక్కడ నిలవాలో తేల్చే బల్ల వద్ద కూర్చోవడం మరొక ఎత్తు. మనం మొదటిదానికే బతిమాలుతూ, రెండవది మనదని మరచిపోతున్నాం. మన జమాత్ పెద్దలు సైతం గాజులు చేసే చెల్లెళ్లను ఆ బల్ల వద్దకు పంపాలని ఎన్నడైనా తలచారా?

చాలా ఏళ్లు ఫైళ్ల మధ్య గుమాస్తాగా గడిపిన వాణ్ణి. కాగితం మీద లేని గోడును కార్యాలయం ఆలకించదు. జాబితా ఇవ్వకుండా సరుకు తీసుకుపోతే తేదీ, వేళ, సరుకు వివరం ఆ రోజే రాసి అర్జీ ఇవ్వండి. రెండవ ప్రతిపై ముద్ర వేయించుకోండి. సర్వేలో పేరు లేనివారు, ధ్రువపత్రం అందనివారు ఈ సభ ముగిశాక ద్వారం వద్ద నన్ను కలవండి. కాగితం, కలం తెచ్చాను.