సినిమా చూశాక పుస్తకం తెరుద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ నవల 1895లో వచ్చింది. అందులో కథానాయకుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అప్పటికి మనిషి రెండు జాతులుగా చీలిపోయాడు. నేల మీద సుకుమారులైన ఎలోయీలు, నేల కింద యంత్రాలు నడిపే మోర్లాక్‌లు. యజమానికీ కార్మికుడికీ మధ్య దూరం పెరిగి పెరిగి ఇలా అయిందని అతను ఊహిస్తాడు.

జార్జ్ పాల్ 1960లో దీన్ని సినిమాగా తీశారు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. అయితే, చీలికకు కారణం యుద్ధమని మార్చారు. అణుబాంబు భయంలో బతుకుతున్న రోజులవి. ప్రేక్షకులకు ఆ కారణమే దగ్గరగా తోచి ఉంటుంది. కానీ కూలివాడి గురించి వెల్స్ అడిగిన ప్రశ్న తెర మీదికి రాలేదు.

మన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. కాలయంత్రం అనే ఊహను తీసుకుని, మనల్ని శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లారు. కథ పూర్తిగా మనదైంది.

మార్చే హక్కు దర్శకుడికి ఉంది. ఏం మారిందో తెలుసుకునే హక్కు పిల్లలకూ ఉంది. అందుకే ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: పిల్లలకు సినిమా చూపించండి, తర్వాత పుస్తకం చదివించండి. “ఏది మారింది? ఎందుకు మారింది?” అని అడగండి. ఆ రెండు ప్రశ్నలతో సైన్సు, చరిత్ర, సాహిత్యం మూడూ ఒకే పీరియడ్‌లోకి వస్తాయి.