తొందరలేని వీణ
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)

కార్యదర్శిగారు మమ్ములను సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమన్నారు. మేము రైల్వే గుమాస్తాలము. చదువు మెట్రిక్కుతో సరి. రాగలక్షణములు మాకు రావు. కాని పదునైదేండ్లుగా ఒకే విద్వాంసుని విడువక వినుచున్నాము కనుక, ఆయనను గూర్చి చెప్పగలము. ఆయన వైణికులు వి. దొరస్వామి అయ్యంగారు.

మా ఉద్యోగమంతయు గడియారముతో పని. అట్టి మేము గుంతకల్లు వైపు నుండి బెంగుళూరు వచ్చిన కొత్తలో, పక్క వాటాలోని కన్నడ పెద్దమనిషి ఒకరు ఆదివారము ఉదయము వీణ క్యాసెట్టు పెట్టుచుండెడివారు. ఆలాపనలో ఒక మీటు మీటి, ఆ నాదము నిలిచినంతసేపు నిలువనిచ్చి, తరువాతగాని ముందుకు కదలరు. ఈయన వాయించునప్పుడు బండి ఎక్కవలసినవారు ఎవరును సభలో ఉండరు కాబోలునని నవ్వుకొన్నాము. నెల తిరుగకముందే, ఆయన ఊరికి పోయి క్యాసెట్టు వినబడని ఆదివారము మాకు తోచకపోయెను. అదే ఆరంభము.

అయ్యంగారు 1920లో హాసన్ జిల్లా గద్దవళ్లిలో పుట్టి, మైసూరులో వీణ వెంకటగిరియప్పగారి వద్ద విద్య నేర్చిరి. వెంకటగిరియప్పగారు వీణ శేషణ్ణగారి శిష్యులు. అయ్యంగారు ఈ ఊరి ఆకాశవాణిలో చాలకాలము పనిచేసిరి. 1983లో పద్మభూషణ్, 1984లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు వచ్చినవి. 1997లో దివంగతులైనారు. మేము ఆయనను కండ్లార చూడనే లేదు. రికార్డులే మా భాగ్యము; ఇప్పుడవి సెల్‌ఫోనులోనే దొరకుచున్నవి.

మైసూరు బాణీలో గమకము మితము, స్వరము తేట. అయ్యంగారి వీణలో ఆ మితము మరికొంత మెత్తబడినది. చప్పట్ల కొరకు వేగము పెంచుట మా చెవికి ఎన్నడును తగులలేదు. తానములో మాత్రము నడక చురుకు. అక్కడ కూడ పరుగు కాదు, నడకే.

ఇక అసలు సంగతి. త్యాగయ్యగారి పంచరత్న కృతులు మీకందరికిని తెలిసినవే. వానిలో చరణములకు ముందు స్వరము పాడి, ఆ స్వరములకే సాహిత్యము పాడుదురు. వీణకు నోరు లేదు. స్వరమైనను సాహిత్యమైనను ఆ తంత్రులే పలుకవలెను. తేడా మీటులో ఉన్నది: సాహిత్యమునకు అక్షరము పడిన చోట మీటుదురు, అక్షరము సాగిన చోట మీటక నాదమును సాగనిత్తురు. మాటలు తెలిసినవానికి అది తెలుగు. తెలియనివానికి అదే పాట రెండు మారులు.

మొన్న మా అమ్మాయి ఆ మాటనే అడిగినది. దానికి ఎనిమిదేండ్లు. బడిలో కన్నడము, ఇంగ్లీషు. ఇంట తెలుగు మాటాడును గాని చదువరాదు. "నాన్నా, వీణాయన ఒకటే రెండుసార్లు వాయిస్తున్నారెందుకు?" అన్నది. రెండవసారి వచ్చునవి మన మాటలే అమ్మా అన్నాము. "ఏవీ? నాకు వినపడవేం?" అన్నది.

ఏమి చెప్పగలము? కన్నడ, తమిళ వైణికులు ఎందరో మన సాహిత్యమును కంఠస్థము చేసి, అక్షరమక్షరమును వ్రేలిమీదికి తెచ్చుకొన్నారు. మన యింటి బిడ్డకు అది వినబడలేదు. ఆ రాత్రి ఒక చరణము నోట చెప్పించి మరల వీణ పెట్టితిమి. నిదానపు వాద్యము కనుక పిల్ల వెంట నడువగలిగినది. అయ్యంగారి మీటు పడినప్పుడెల్ల దాని పెదవి కదలినది.

మా వద్ద ఉన్నది ఆ ఒక్క పంచరత్న పుస్తకమే. మీ యిండ్లలో అమ్మలు, అమ్మమ్మలు వ్రాసికొన్న పాటల నోటుబుక్కులు ఉండును. వచ్చే నెల రెండవ ఆదివారము వానిని సంఘమునకు తెండు. ప్రతులు తీయించి అసలు పుస్తకములు అదే దినమున తిరిగి ఇచ్చెదము. వీణ రికార్డులు మేము తెచ్చెదము. పిల్లలను తప్పక తీసికొనిరండు.