స్థానికాధికారి, నిర్బంధ సైనిక సేవ: అమెరికాలో మినహాయింపుల వివాదం

పౌరుణ్ణి అతని ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా సైన్యంలో చేర్చుకునే నిర్బంధ భర్తీ చట్టం వచ్చినప్పుడల్లా, ఊరి పాలన చూసే అధికారిని యుద్ధానికి పంపవచ్చునా, ఆ మాట తేల్చే హక్కు ఎవరిది అన్న రెండు ప్రశ్నలు జంటగా తలెత్తుతాయి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సమాఖ్యలో, అంటే కాన్ఫెడరసీలో, ఇవి తీవ్రమైన న్యాయవివాదాలుగా మారాయి.

1862 ఏప్రిల్ 16న కాన్ఫెడరేట్ కాంగ్రెస్ 18 నుంచి 35 ఏళ్ల లోపు శ్వేతజాతి పురుషులను సైనిక సేవకు బద్ధులను చేసింది. ఐదు రోజులకే మరో చట్టం ద్వారా రాష్ట్రాల న్యాయాధికారులకు, కార్యనిర్వహణాధికారులకు మినహాయింపు ఇచ్చింది. చిన్న తగాదాలు విచారించే జస్టిస్ ఆఫ్ ది పీస్, సమన్లు అందజేసే కాన్‌స్టేబుల్ మొదలైనవారు, అంటే ఒకనాటి తెలుగు పల్లెల్లో మునసబు చేసినటువంటి పనులు చేసేవారు, ఈ వర్గాల్లోకి వస్తారా అన్నదే చిక్కుముడి అయింది.

జార్జియా గవర్నర్ జోసెఫ్ బ్రౌన్ నిర్బంధ భర్తీయే రాజ్యాంగ విరుద్ధమని వాదించి, పౌర అధికారులతో పాటు రాష్ట్ర మిలీషియా (పౌరసేన) అధికారులను కూడా కాపాడుకోబోయాడు. 1862లో జెఫర్స్ వర్సెస్ ఫెయిర్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే చట్టాన్ని సమర్థించినా ఆయన పట్టు సడలలేదు. నార్త్ కరోలినాలో గవర్నర్ జెబ్యులన్ వాన్స్ స్థానికాధికారుల పక్షం వహించగా, ప్రధాన న్యాయమూర్తి రిచ్‌మండ్ పియర్సన్ హెబియస్ కార్పస్ ఉత్తర్వులతో, అంటే నిర్బంధితుణ్ణి కోర్టు ముందు హాజరుపరచి కారణం చూపాలన్న ఆదేశాలతో, సైన్యం పట్టుకున్న పలువురిని విడిపించాడు. కాన్ఫెడరేట్ రాజ్యాంగం సుప్రీంకోర్టుకు చోటిచ్చినా దాన్ని ఎన్నడూ నెలకొల్పకపోవడంతో, రాష్ట్రానికొక తీర్పు చెలామణి అయింది గానీ అందరూ కట్టుబడవలసిన తుది తీర్పు రాలేదు.

1864 ఫిబ్రవరి 17నాటి చట్టం, పాలనకు అవసరమని గవర్నర్ ధ్రువీకరించిన అధికారులకు మినహాయింపునిచ్చి, నిర్ణయాన్ని గవర్నర్ల చేతికే అప్పగించింది. బ్రౌన్ వేలమందిని ధ్రువీకరించాడు. అయితే ఉత్తరాది సేనాని షెర్మన్ సేనలు జార్జియాలోని అట్లాంటా వైపు కదిలిన ఆ ఏడాది మే నెలలో, ఆ అధికారులనే రాష్ట్ర మిలీషియాలోకి పిలవవలసి వచ్చింది.

ఉత్తరాదిలో 1863నాటి భర్తీ చట్టం అధికారుల్లో ఉపాధ్యక్షుడు, ఫెడరల్ న్యాయమూర్తులు, గవర్నర్లు వంటి పైస్థాయి వారినే మినహాయించింది. 1917నాటి చట్టం కౌంటీ, పురపాలక అధికారులను మినహాయించే అధికారాన్ని దేశాధ్యక్షునికి ఇచ్చింది; నిర్బంధ భర్తీ దేశమంతటికీ చెల్లుతుందని 1918లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1948నాటి చట్టం గవర్నర్లకు, రాష్ట్రమంతటి ఓటర్లు ఎన్నుకున్న అధికారులకు, శాసనసభ్యులకు, రికార్డు కోర్టుల (విచారణల అధికారిక రికార్డు ఉంచే కోర్టుల) న్యాయమూర్తులకు పదవిలో ఉన్నంతకాలం సేవను వాయిదా వేసింది గానీ, పట్టణ మేయర్లను ఆ జాబితాలో చేర్చలేదు.

ఈ చరిత్ర నుంచి తేలే సిద్ధాంతం ఒక్కటే: మినహాయింపు ఆ పదవి ప్రజలకు చేసే సేవ కోసం ఏర్పడింది, దాన్ని పొందే వ్యక్తి క్షేమం కోసం కాదు. కనుక ఏ పదవి అత్యవసరమో యుద్ధం రాకముందే శాసనం స్పష్టంగా చెప్పాలి, సందేహం తలెత్తితే తీర్చే తుది న్యాయస్థానం ఉండాలి. ఆ రెండూ లేనిచోట మినహాయింపు పాలకుని అనుగ్రహంగా మిగిలిపోతుంది.