పసిబిడ్డ గుడ్డలు - సబ్బు సంగతి

(పుత్తూరులో మన సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి పెద్దలు మాట్లాడినారు. మాకు అప్పగించిన విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. పసిబిడ్డల గుడ్డలు దేనితో ఉతకాలి అన్నది. కాని మన ఇండ్లలో కాన్పు జరిగిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తూనే ఉంది. చిల్లా గడవకముందే బిడ్డ మెడ కింద, నడుము చుట్టూ ఎర్రగా పొక్కుతుంది. దాదీ ఒకటి చెబుతుంది, నానీ ఇంకొకటి చెబుతుంది, అంగడాయన బేబీ అని రాసిన ఖరీదైన సీసా చేతిలో పెడతాడు. ఆ సీసా కొనలేని తల్లి బిడ్డకేదో లోపం చేస్తున్నానని కుమిలిపోతుంది. ముఖ్యంగా ఆ తల్లి కోసం ఈ నాలుగు మాటలు.

చెప్పదలచినది ముందే చెప్పేస్తాము. గుడ్డకు ఏ సబ్బు పెట్టినామన్నదానికన్నా, ఆరిన గుడ్డలో ఎంత సబ్బు మిగిలిందన్నదే బిడ్డ ఒంటికి ముఖ్యం.

పెద్దవాళ్ల చర్మం మీద సన్నని ఆమ్లపు పొర ఒకటి ఉంటుంది. అది కాపుదల. పుట్టిన బిడ్డకు ఆ పొర కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. చర్మం కూడా పలుచన. సబ్బులు, బట్టల పొడులు చాలామట్టుకు క్షారగుణం కలవి. గుడ్డలో మిగిలిన క్షారం చెమటకు, ఉచ్చకు తడిసి బిడ్డ ఒంటికి రాసుకుంటే మంట పుట్టక ఏమవుతుంది?

వెనకటి కాలంలో చాకలివారు చవుడు మన్నుతో ఉబ్బ వేసి ఉతికేవారు. చవుడులో ఉన్నదీ సోడా క్షారమే. అయితే రేవులో పారే నీళ్లలో జాడించడం వల్ల అది గుడ్డలో నిలిచేది కాదు. తరువాత బారు సబ్బులు వచ్చినాయి. 1959లో హిందుస్తాన్ లీవర్ వారు సర్ఫ్ పొడి తెచ్చినారు. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టి, తక్కువ ధరకు పేదల ఇండ్లకు కూడా పొడిని చేర్చినారు. ఉతికే సరుకు మారింది. పారే నీళ్లు మాత్రం పోయినాయి. ఇప్పుడు మనకున్నది బోరు, బక్కెట్టు, వేసవిలో ట్యాంకరు.

మీ ఇంటి బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతున్నదా? కడితే అవి గడుసు నీళ్లు, మనవాళ్లనే మాటలో ఉప్పునీళ్లు. వాటిలో సున్నపు లవణాలు ఎక్కువ. బారు సబ్బు పాతది, సాధువైనది అని మన పెద్దలకు నమ్మకం. చప్పనీళ్లలో ఆ మాట చెల్లుతుంది. ఉప్పునీళ్లలో సబ్బు, సున్నం కలిసి తెట్టుగా మారి గుడ్డ పోగుల్లో కూర్చుంటుంది. ఎన్ని నీళ్లు పోసినా సులభంగా వదలదు. ఆరినాక గుడ్డ అట్టలాగా బిరుసెక్కేది అందుకే. ఇటువంటి నీళ్లున్న ఇంట్లో పసిబిడ్డ గుడ్డలకు వాసన లేని ద్రవపు డిటర్జెంటు మేలు. అది సున్నంతో తెట్టు కట్టదు, పొడికన్నా బాగా కరుగుతుంది. బారు సబ్బే వాడాలనుకుంటే కార్తీక మాసపు వానల్లో మిద్దె మీది నీళ్లు పట్టుకొని వాడండి. తేడా మీకే తెలుస్తుంది.

కుంకుడుకాయ సంగతేమని అడుగుతారు. మంచిదే. ఉప్పునీళ్లలోనూ నురగ ఇస్తుంది. రసం పలుచటి గుడ్డలో వడగట్టి వాడవలె. చెట్టున కాసింది గదా, హాని ఉండదనుకోవద్దు. కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు తల స్నానాలు చేసినవారందరికీ తెలుసు. దాన్ని కూడా బాగా జాడించాల్సిందే.

ఇక సీసా మీద ఏమి చూడాలి? బేబీ అన్న మాటను కాదు. సువాసన కలపలేదని ఉందా, తెల్లగా తళతళలాడించే రసాయనం లేదని ఉందా, బ్లీచింగు లేదని ఉందా చూడండి. సువాసనలు కొందరికి చర్మపు ఎలర్జీ తెస్తాయి. ఎంజైములున్నవి పాల మరకలకు, దొడ్డికి పోయిన మరకలకు పనిచేస్తాయి. బాగా జాడిస్తే చాలామంది బిడ్డలకు ఇబ్బంది లేదు. బట్టలను మెత్తబరిచే ద్రవం మాత్రం వద్దు. ఉచ్చగుడ్డకు అది పడితే గుడ్డ తడి పీల్చదు. నీలిమందు, గంజి కూడా అక్కరలేదు. కొత్త బట్టను ఉతకకుండా బిడ్డకు తొడగవద్దు. నగరి, నారాయణవనం, పుత్తూరు మగ్గాలు ఎరిగినవాళ్లం మనం, గంజి పెట్టనిదే నూలు మగ్గమెక్కదని మనకు ఒకరు చెప్పాలా? పాత మెత్తని చీర గుడ్డలో బిడ్డను పొదిగే మన ఆచారం చాలా తెలివైనది.

జాడించడం గురించి కాస్త లెక్క చూడండి. పిండిన గుడ్డల్లో ఒక లీటరు సబ్బునీళ్లు మిగిలినాయనుకుందాం. పది లీటర్లు ఒక్కసారే పోసి జాడించి మళ్లీ అంతే పిండితే, సబ్బు పదకొండో వంతు మిగులుతుంది. అవే పది లీటర్లను ఐదేసిగా రెండు మార్లు పోస్తే ముప్పై ఆరో వంతే మిగులుతుంది. మరో ఐదు లీటర్లతో మూడో మారు జాడిస్తే 216లో ఒక వంతు. డబ్బు పెట్టి నీళ్లు కొనే ఇంటికి ఇంతకన్నా మంచి మాట లేదు. గుడ్డ పాక్ కావడానికి మూడు మార్లు నీళ్లు పోసి, ప్రతిసారీ పిండమని పెద్దలు నేర్పినారు గదా. ఆ పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. చివరి నీళ్లలో గుడ్డను గట్టిగా ఆడించి చూడండి. నురగ లేస్తే ఇంకా సబ్బు ఉన్నట్టే. ముందు వరుసలోని మగవారికి ఒక మనవి: పచ్చి బాలింత ఉన్న ఇంట్లో ఈ మూడో మారు నీళ్లు ఎవరో మోయాలి. అది మీరు మోయండి.

పాక్ కావాలని, క్రిములు చావాలని కొందరు చివరి నీళ్లలో వాసన మందు నాలుగు మూతలు పోస్తారు. వద్దు. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో పసిబిడ్డలకు విపరీతమైన చెమటలు పట్టి, ఊపిరి ఆడక ఇద్దరు చనిపోయినారు. గుడ్డలకు బూజు పట్టకుండా చాకిరేవులో చివరి నీళ్లలో మోతాదు మించి వేసిన పెంటాక్లోరోఫెనాల్ మందు గుడ్డల్లో నిలిచి చర్మం గుండా లోపలికి పోయిందని తేలింది. మన ఇండ్లలో వాడేది ఆ మందు కాదు. కాని గుడ్డలో నిలిచినది బిడ్డ ఒంట్లోకి పోగలదన్నది గుర్తుంచుకోవాలి. దండెం మీద మంచి ఎండ చాలు. పుత్తూరులో దానికి కొదవ లేదు.

ఆఖరుగా ట్రంకు పెట్టె. పెద్దబిడ్డ బట్టలు, శాలువలు కలరా ఉండలు వేసి దాచి, తమ్ముడు పుట్టగానే తీసి తొడుగుతాము. ఇది అన్నింటికన్నా ప్రమాదం. ఆ ఉండలు నాఫ్తలీన్. కొందరు బిడ్డలకు, అందులో మగబిడ్డలకు ఎక్కువగా, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఆ వాసన సోకితే వాళ్ల రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. అవి మెదడుకెక్కవచ్చు. గ్రీసు దేశపు వైద్యులు 1963లోనే ఇటువంటి బిడ్డల గురించి రాసినారు. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో చూస్తే తెలియదు. కాబట్టి పసిబిడ్డ బట్టల్లో, దుప్పట్లలో ఆ ఉండలు వేయనే వద్దు. ఎండిన వేపాకు వేసుకోండి. ఇదివరకే వేసి ఉంటే ఆ బట్టలు బిడ్డకు తొడగవద్దు. బిడ్డ కళ్లు పచ్చబడినా, ఉచ్చ ముదురు రంగుకు తిరిగినా ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పెట్టెలో ఉండలు ఉన్నాయన్న మాట కూడా డాక్టరుకు చెప్పండి.

భోజనాల వేళయింది. ఏమైనా అడగదలచిన అక్కచెల్లెళ్లు వంటపందిరి దగ్గర కలవండి. మేము అక్కడే ఉంటాము. సెలవు.