మందుకు చావని దోమ ఒంటిలో ఏం జరుగుతుంది?



1987 పత్తి కాలాన్ని గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు మరువలేరు. ఆ ఏడు పైరెత్రాయిడ్ జాతి మందులను ఎన్నిమార్లు చల్లినా శనగపచ్చ పురుగు చావలేదు. పంట పోయి, అప్పులు మిగిలి, అనేకులు ప్రాణాలు తీసుకున్నారు. ఉస్మాన్‌షాహీ మిల్లు నడిచిన ఈ పత్తి ఊరిలో ఆ బాధను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. దోమల గురించి మాట్లాడవలసిన చోట దానిని తలచుకోవడానికి ఒక కారణం ఉంది. పత్తిపై చల్లిన ఆ మందులూ, నేడు ఇంటి గోడకు తగిలించే దోమల మందు సీసాలోని రసాయనమూ ఒకే కుటుంబానికి చెందినవి.

ఈ మందు పురుగు నరాలలోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. పురుగు కొట్టుకొని చస్తుంది. మందుకు లొంగని పురుగులలో కొన్నింటికి ఆ ద్వారమే మారి ఉంటుంది. మరికొన్నింటిలో మందు నరం దాకా చేరదు. పేగులోనూ, కొవ్వు కణజాలంలోనూ పీ450 అనే ఎంజైములు అధికంగా తయారై, మందుకు ఆక్సిజన్‌ను చేర్చి, విసర్జించడానికి వీలైన రూపంలోకి మారుస్తాయి. శనగపచ్చ పురుగుపై జరిగిన పరీక్షలలో, ఈ ఎంజైములను అణచే పైపరోనిల్ బ్యూటాక్సైడ్ కలిపినప్పుడు మందు మళ్లీ కొంత పనిచేసింది.

అయితే ఈ రక్షణ ఉచితంగా దొరకదు. కొవ్వు కణజాలమే పురుగుకు ధాన్యపు గాదె. విషాన్ని విరిచే పనీ అక్కడే జరగాలి. ఎంజైముల తయారీకి మాంసకృత్తులు కావాలి, అవి పనిచేయడానికి చక్కెర నుంచి వచ్చే శక్తి కావాలి. 2011లో వెలువడిన ఒక ఫ్రెంచి పరిశోధనలో, ఎస్టరేజ్ అనే మరో విషహర ఎంజైమును అధికంగా తయారుచేసే క్యూలెక్స్ దోమలలో కొవ్వు, చక్కెర నిల్వలు సుమారు 30 శాతం తక్కువగా కనిపించాయి. ఆఫ్రికా మలేరియా దోమలకు చావని మోతాదులో మందు తగిలించి చూసినప్పుడు, శ్వాసక్రియకు సంబంధించిన జన్యువుల పని మారిపోయింది. మందుకు చావని దోమ బాగా బలిసిన దోమ అనుకోవడం పొరపాటే.

మందు వాడకం ఆపితే ఈ భారం వల్ల అవే నశిస్తాయని కొందరి ఆశ. దానిని నమ్ముకోలేము. కొన్ని రకాల నిరోధకతకు దోమ చెల్లించే మూల్యం చాలా తక్కువ. ఇక రాత్రంతా కాయిల్ వెలిగించడం వలన గాని, సీసా మార్చి మళ్లీ అదే కుటుంబపు మందు కొనడం వలన గాని, చచ్చేవి చచ్చి, చావనివే సంతానం కంటాయి.

నీటిలోని పిల్లపురుగు దగ్గర మాత్రం మనది పైచేయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సాధారణంగా వారం నుంచి పది రోజులు పడుతుంది. నల్లా నీళ్లు పట్టి ఉంచే డ్రమ్ములను, కూలర్లను వారానికొకసారి ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో రుద్ది ఆరబెట్టాలి. రుద్దడం మానరాదు, నీటి అంచున అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. పొడి నేలపై ఒలికిన పిల్లపురుగుకు పీ450 ఎంత ఉన్నా అక్కరకు రాదు.