చిత్తుకాగితము లేరువారి హక్కు
(పట్టణ పఠనమందిరమున జరిగిన సభయందు చేసిన ఉపన్యాసము)



మన పట్టణమునందలి చెత్త సేకరణమును ఒక గుత్తేదారున కప్పగింపవలెనను యోచన పురపాలక సంఘమున సాగుచున్నది. బండ్లు వచ్చును, వీథులు శుభ్రపడును, పన్ను చెల్లించువారికి సౌకర్యము కలుగును. ఇంతవరకు ఆక్షేపించువా రెవ్వరును లేరు. కాని తెల్లవారకముందే గోనెసంచి భుజమున వేసికొని మన గుమ్మముల ముందునుండి పోవు స్త్రీలు ఆ మరునాటినుండి ఎక్కడికి పోవుదురని ఆ చర్చలో ఒక్కరైనను అడిగిన జాడ లేదు. ఈ సాయంకాలము మే మా ప్రశ్ననే మీ ముందుంచుటకు వచ్చితిమి.

ఈ స్త్రీలు చేయుచున్న పని యెట్టిది? మనము కలగలిపి పారవేసిన దానినుండి కాగితము, అట్టపెట్టెలు, గాజుసీసాలు, ప్లాస్టిక్కు, ఇనుము, రాగితీగ ఏరి తుక్కు కొట్టున అమ్ముదురు. అచ్చటినుండి అది పెద్ద వర్తకునకును, అతనినుండి కర్మాగారమునకును పోయి మరల వస్తువగును. పురపాలక సంఘమునకు పైసా వ్యయము లేకుండ ప్రతిదినము కొంత చెత్త దిబ్బకు చేరక నిలుచుచున్నది. ఇందులకు జీతము లేదు, సెలవు లేదు, హాజరుపట్టీలో పేరు లేదు. పైగా కుక్కలు తరుముటయు, దొంగయని కావలివాడు నిలవేయుటయు నిత్యకృత్యములు.

తుక్కు కొట్టు లెక్కను కొంచెము విప్పి చెప్పవలసియున్నది, ఏలయన పేదరికపు ముడి అక్కడనే ఉన్నది. శుభ్రమైన కాగితమున కొక ధర. పులుసు కారి నానిన కాగితమునకు తరచు ధరయే లేదు. పాలసంచులు వేరు, నీళ్లసీసాలు వేరు, గట్టి ప్లాస్టిక్కు వేరు. ఏ రకమున కా రకము విడదీసి తెచ్చినవారికి ఎక్కువ ముట్టును, కలిపి తెచ్చినవారికి తక్కువ. విడదీయుటకు స్థలము కావలెను, వాన తడపకుండ నిలువచేయుటకు కప్పు కావలెను. గుడిసెలో ఈ రెండును ఉండవు. జబ్బు చేసిననాడు అప్పిచ్చువాడు కూడ ఆ కొట్టువాడే. అప్పు తీరువరకు సరుకు అతనికే, అతడు చెప్పిన ధరకే. అతనిని దుర్మార్గుడని మే మనము. బ్యాంకువారు గడప తొక్కనీయని మనిషికి రాత్రివేళ నూరురూపాయలు చేతిలో పెట్టువా డతడొక్కడే. అయినను ఆ ముడిని ఆమె ఒంటరిగా విప్పుకొనజాలదు. తల్లి సంపాదన చాలనప్పుడు రెండవ సంచి పిల్లవాని భుజ మెక్కును. బడి ఆనాటితో సరి.

ఈ వృత్తినే మాన్పించి వేరుపని చూపవలెనని కొందరు పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో దయ కలదు. కోస్తా పట్టణములందు పారిశుధ్యపు పనిని రెల్లివారిపైనను యానాదులపైనను తరతరములుగా మోపియుంచిన సంగతి యెరిగిన మనకు ఆ మాట రుచించును కూడ. వారి బిడ్డలలో వేరు దారి కోరువారికి ప్రతి తలుపును తెరచియుండవలసినదే. కాని నలుబదియైదేండ్ల వయస్సున, అక్షరము రాక, ఇద్దరు బిడ్డలను సాకుచున్న వితంతువునకు రేపటి ఉదయము ఏ పని చూపుదురు? పని చూపకయే సంచి లాగికొనుట ఉద్ధరణ మగునా? ఆమెకు రకరకముల వస్తువులను చూపుమాత్రమున పోల్చు నేర్పు కలదు. ఆ నేర్పునకే గౌరవమును, తగిన ప్రతిఫలమును కల్పించు మార్గ మొకటి యున్నది. అది ఊహ కాదు. పుణె నగరమున నడచుచున్నది.

1990 ప్రాంతమున శ్రీమతి నాథీబాయి దామోదర్ ఠాకర్సీ మహిళా విశ్వవిద్యాలయపు వయోజన విద్యాశాఖవారు చెత్త ఏరు పిల్లలకు చదువు చెప్పబోయిరి. పిల్లలు తల్లులవెంట పోవుచుండగా పలక లెవరు పట్టుదురు? ఇండ్లవద్దనే తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేసి ఇచ్చినచో తల్లుల రాబడి పెరుగును, శ్రమ తగ్గును, పిల్లలు బడికి పోగలరని అప్పుడు వారు గ్రహించిరి. కొన్ని వాడలలో అట్లే చేయించిరి. ఇంతలో ఒక వ్యాపారి బండితో అవే యిండ్ల చెత్త పట్టుకొనిపోవ నారంభించెను. అప్పు డా స్త్రీలు సంఘటితులైరి. హమాలీలను కూడగట్టిన బాబా ఆఢావ్ గారి ఆధ్వర్యవమున 1993లో సభ జరిగినది. అందు పుట్టినదే కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్. కాగితము, గాజు, రేకు ఏరు కష్టజీవుల పంచాయతీ యని దాని యర్థము. సభ్యులలో అత్యధికులు దళిత స్త్రీలు. 1990 దశకముననే వారి గుర్తింపు చీటీలపై నగరపాలక సంస్థ ముద్ర పడినది. చీటీ చిన్నదే. కాని కావలివాని యెదుట నిలిచి "ఇది నా పని" యని చెప్పుటకు అది చాలును. పరపతి సహకార సంఘ మేర్పడి కొట్టువాని అప్పునకు ప్రత్యామ్నాయము చూపినది.

2008లో ఆ సంఘీయులే సభ్యులుగా స్వచ్ఛ్ అను సహకార సంస్థ నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొని ఇంటింటి చెత్త సేకరణము చేపట్టినది. ప్రతి యిల్లును నెలకు కొంత రుసుము నేరుగా ఆమె చేతి కిచ్చును. తడి చెత్తను నగరపాలక సంస్థ బండి కప్పగించును. పొడి చెత్త నమ్ముకొను హక్కు ఆమెది. దిబ్బపై వంగిన మనిషి గుమ్మమువద్ద గంట మ్రోగించి నిలుచుచున్నది. ఇంతటితో కష్టములు తీరెనని మేము చెప్పబోము. ఒడంబడిక గడువు తీరినప్పుడు పొడిగింపునకై వారు పోరాడవలసి వచ్చినది. గుత్తేదారుల చూపు ఆ పనిమీద నుండి మరలలేదు.

న్యాయవాదులము గావున చట్టపు సంగతి కొంత చెప్పక తప్పదు. వీథి తొట్టిలో పడిన చెత్త పురపాలక సంఘపు సొత్తని మున్సిపల్ చట్టములు పెక్కు చెప్పుచున్నవి. గుత్తేదారునకు టన్నుల లెక్కన సొమ్ము చెల్లించు పద్ధతి వచ్చినచో, ఆమె యేరిన ప్రతి సీసాయు అతని తూకములో తరుగు. నిన్నటివరకు ఉపకారమైనది రేపు చౌర్యమగును. ఈ ప్రమాదమును మన సభ్యులు తెలిసికొనవలెను. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థముల నిర్వహణ నియమములలో చెత్త ఏరువారికి నిర్వచన మేర్పడినది. వారిని గుర్తింపవలెననియు, ఇంటింటి సేకరణములో చేర్చుకొను ఏర్పాటు స్థానిక సంస్థలు చేయవలెననియు అందుండెను. జీవించు హక్కునందు జీవనోపాధి యిమిడియున్నదని 1985లోనే ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు పలికినది. సహకార సంఘము పెట్టుకొనుటకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము మన కున్నది. వేర్వేరు కుటుంబములకు చెందిన పదిమంది చేరినచో దానిక్రింద సంఘము స్థాపింపవచ్చును. సర్కారు పెత్తనము అందు తక్కువ.

కావున పురపాలక సంఘమునకు మేము వ్రాయు మహజరు ఇది: టెండరు పిలుచుటకు ముందే ఏరువారి పేర్లు లెక్కించి చీటీలీయవలెను. వారి సంఘమునకు వార్డుల సేకరణము ఇచ్చి చూడవలెను. ఎట్లును గుత్త కీయదలచినచో, పొడి చెత్తపై వారి హక్కును ఒడంబడికలోనే వ్రాయవలెను. వార్డునకొక రేకుల షెడ్డును, కాటాను సమకూర్చవలెను. బండ్లకు వెచ్చింపదలచిన మొత్తములో ఇది యెంత?

ఇక మన యిండ్ల సంగతి. సభలో చప్పట్లు కొట్టి యింటికి పోయి, పగిలిన గాజును, సూదులను అన్నపు మెతుకులలో కలిపి విసరువారు మనలో లేరా? రెండు బుట్టలు పెట్టుట కష్టమైన పని కాదు. గాజుపెంకులు కాగితమున చుట్టి విడిగా ఇచ్చుటయు అంతే. కాఫీ హోటలున లెక్కచూడని మనము నెలరుసుము దగ్గర బేరమాడుట చూచి మేము సిగ్గుపడితిమి.

కాగితముల పని చదువుకొన్నవారిది. మురుగుకాలువలలో దిగువారికై 2023లో ఆరంభమైన నమస్తే యను కేంద్ర పథకమున 2024లో చెత్త ఏరువారిని కూడ చేర్చిరి; లెక్కింపబడినవారికి రక్షణ సామగ్రి, ఆరోగ్య బీమా అందింపవలెనని దాని యుద్దేశము. లెక్కలో పేరు చేరకున్న నేమియు రాదు. బిడ్డల వయస్సునకు రుజువు లేదని బడివారు త్రిప్పిపంపినచో, 2009 నాటి విద్యాహక్కు చట్టపు 14వ ప్రకరణము చూపుడు. ఆ కారణమున ప్రవేశము నిరాకరింపరాదని అందు స్పష్టముగా నున్నది.

వచ్చు ఆదివారము ఉదయము ఏడుగంటలకు మాతో కొందరు స్వచ్ఛంద సేవకులు దిబ్బవద్ది గుడిసెలకు పేర్లు వ్రాయుటకు వచ్చుచున్నారు. దరఖాస్తు నకళ్లు ఈ మందిరపు గుమాస్తావద్ద నుంచితిమి. ఆధారు చీటీ లేనివారు పెక్కురుందురు. వారిని గురించి వేరుగా వ్రాయవలెను. చేతివ్రాత బాగున్నవారు పదిమందియైనను రావలెనని కోరుచున్నాము.